శుభ్రం చేసే పని ఎప్పుడు శాస్త్రమవుతుంది?

(మహిళా కార్యకర్తల అధ్యయన శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



నిన్నటి చర్చల్లో ఒక మాట పదే పదే అడ్డం వచ్చింది. మునిసిపాలిటీ పారిశుధ్య కార్మికుల గురించి మాట్లాడినా, ఆసుపత్రుల్లో కాంట్రాక్టు మీద పనిచేసే ఆయమ్మల గురించి మాట్లాడినా, ఇళ్ళలో అంట్లు తోమే స్త్రీల గురించి మాట్లాడినా, వేతనం పెంచమని అడిగితే అధికారులు ఒకే జవాబు చెబుతున్నారని మీరంతా అన్నారు. అది నైపుణ్యం అక్కర్లేని పని అట. ఊడవడం, కడగడం, తుడవడం ఎవరికి రాదు? ప్రతి ఆడపిల్లకూ పుట్టుకతో వచ్చే పనే కదా, దానికి ఇంతకన్నా ఏమివ్వాలి?

దీనికి మనం మామూలుగా న్యాయం పేరిట, మానవత్వం పేరిట సమాధానం చెబుతాం. ఆ వాదన అవసరమే. ఈ పూట నేను మరో వైపు నుంచి రావాలనుకుంటున్నాను. శుభ్రం చేయడమే ప్రధానమైన శాస్త్ర సమస్యగా మారిన రంగం ఒకటి ఉంది. అక్కడ ఎలా కడగాలన్న దాని మీద పరిశోధనా పత్రాలు రాస్తారు. ఏ నీటితో, ఎంత సేపు, ఏ క్రమంలో కడగాలో అంతర్జాతీయ సమావేశాలు పెట్టి చర్చిస్తారు. కణాలను వేగంగా పరుగెత్తించే పెద్ద యంత్రాల కోసం అతివాహక కేవిటీలను తయారుచేసే రంగం అది.

పేరు విని కంగారు పడకండి. నేను భౌతికశాస్త్రం చదువుకున్నదాన్ని కాదు. ఒక పనికి నైపుణ్యం అనే ముద్ర ఎప్పుడు పడుతుంది, ఆ ముద్ర ఎవరు వేస్తారు అన్నది సామాజికశాస్త్రంలో నా పరిశోధన. ఆ ప్రశ్న వెంటబెట్టుకునే ఈ యంత్రాల గురించి చదివాను, తెలిసినవాళ్ళను అడిగాను. నాకు అర్థమైన మేరకు చెబుతాను.

యంత్రం ఏం చేస్తుంది?

ఉయ్యాలలో పిల్లను కూర్చోబెట్టి ఊపుతున్నాం అనుకోండి. ఉయ్యాల మన దగ్గరికి వచ్చి వెనక్కి తిరిగే క్షణంలో తోస్తేనే అది పైకి లేస్తుంది. ఎలక్ట్రాన్ల వంటి సూక్ష్మ కణాలను కూడా ఇలాగే సరైన క్షణంలో తోస్తూ వేగం పెంచుతారు. ఆ తోపు ఇచ్చే లోహపు గుల్లను కేవిటీ అంటారు. లోపల విద్యుత్ క్షేత్రం సెకనుకు కోట్లసార్లు దిశ మారుస్తూ ఉంటుంది. క్షేత్రం ముందుకు ఉన్న క్షణంలోనే కణాలు అందులోంచి దూసుకుపోవాలి. ఇలాంటి కేవిటీలను ఒకదాని తర్వాత ఒకటి తిన్నటి గీతలా పేరిస్తే దాన్ని రేఖీయ త్వరణ యంత్రం అంటారు.

కేవిటీని రాగితో చేస్తే ఒక చిక్కుంది. పంపిన విద్యుత్తులో ఎక్కువ భాగం గోడలను వేడెక్కించడానికే పోతుంది. అందుకని నియోబియం అనే లోహం వాడతారు. దీన్ని మైనస్ 264 డిగ్రీల సెంటీగ్రేడ్ కంటే చల్లబరిస్తే విద్యుత్తుకు ఉండే నిరోధం దాదాపు మాయమవుతుంది. దీన్నే అతివాహకత అంటారు. నడిపేటప్పుడు ద్రవ హీలియంలో ముంచి మైనస్ 271 డిగ్రీల దగ్గర ఉంచుతారు. అప్పుడు గోడల్లో పోయే శక్తి రాగితో పోలిస్తే లక్షల రెట్లు తగ్గిపోతుంది. ఎంత తక్కువ పోతుందో ఒక పోలికతో చెబుతాను. సెకనుకు వందసార్లు కంపించే పెద్ద గంట అంత పొదుపుగా మోగితే, ఒక్కసారి కొడితే దాదాపు ఏడాది దాకా దాని మోత ఆగదు.

చల్లబరచడానికి అయ్యే ఖర్చు తక్కువేమీ కాదు. ఆ చలిలో పుట్టే ఒక్క వాట్ వేడిని బయటికి లాగడానికి బయట వందల వాట్లు ఖర్చవుతాయి. అందుకే కేవిటీలను పెద్ద ఫ్లాస్కు వంటి గొట్టంలో పెట్టి, వేడి చొరబడకుండా పొరలు పొరలుగా కప్పి, చుట్టూ గాలి లేకుండా చేస్తారు. ఈ ఫ్లాస్కును క్రయోమాడ్యూల్ అంటారు. జర్మనీలో హాంబర్గ్ దగ్గరున్న యూరోపియన్ ఎక్స్.ఎఫ్.ఇ.ఎల్. యంత్రంలో ఒక్కో క్రయోమాడ్యూల్ పొడవు 12 మీటర్లు. అందులో మీటరు పొడవున్న కేవిటీలు 8 ఉంటాయి. మొత్తం మీద దాదాపు 800 కేవిటీలతో కట్టిన ఈ యంత్రం 2017లో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చింది. దాని నుంచి వచ్చే ఎక్స్ కిరణాలతో అణువుల కదలికలను చూస్తారు.

ఇంత ఖర్చు దేనికి, బడుల్లో నీళ్ళు లేని దేశాలు దీని వెంట పడాలా అని మీరు అడగవచ్చు. అడగాల్సిన ప్రశ్నే. దాని మీద విడిగా ఒక పూట కూర్చుందాం. ఈ రోజు నా దృష్టి ఆ గుల్ల లోపలి గోడ మీద ఉంది.

ధూళి దగ్గర ఆగిన శాస్త్రం

అతివాహక కేవిటీలో కణాలను వేగవంతం చేయవచ్చని 1965లోనే అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో చూపించారు. సిద్ధాంతం ప్రకారం నియోబియం చాలా ఎక్కువ క్షేత్రాన్ని తట్టుకోవాలి. కానీ ఆచరణలో చాలాకాలం అందులో చిన్న భాగాన్ని మాత్రమే అందుకోగలిగారు. అమెరికాలోని వర్జీనియాలో 300కు పైగా కేవిటీలతో 1990ల మొదట్లో కట్టిన సెబాఫ్ అనే యంత్రాన్ని మీటరుకు 50 లక్షల వోల్టుల లెక్కన రూపొందించారు. ఎక్స్.ఎఫ్.ఇ.ఎల్. కోసం దాన్ని 2 కోట్ల 36 లక్షల వోల్టుల దాకా తీసుకువెళ్ళారు. అంటే ఒకే శక్తికి యంత్రం పొడవు దాదాపు అయిదో వంతుకు తగ్గింది. ఖర్చూ ఆ దామాషాలో తగ్గుతుంది కాబట్టే ఇలాంటి యంత్రాలు కట్టడం సాధ్యమైంది.

ఈ మార్పు ఎలా వచ్చింది? లోహం అదే నియోబియం. మునుపటి కన్నా శుద్ధమైన రేకులు వచ్చాయి, ఆకారం మెరుగుపడింది, అతుకులు మెరుగుపడ్డాయి. వాటన్నిటితో పాటు, వాటికన్నా కూడా మొండిగా ఎదురైన సమస్య ఒకటుంది. అదే మురికి.

కేవిటీ గోడ మందం మూడు మిల్లీమీటర్ల చిల్లరే అయినా, విద్యుత్తు ప్రవహించేది లోపలి వైపు అతి పలుచని పొరలో మాత్రమే. ఆ పొర మన తల వెంట్రుక మందంలో సుమారు రెండు వేలవ వంతు. అంటే కేవిటీ గుణమంతా ఆ పైపొర శుభ్రత మీదే ఆధారపడి ఉంది. అక్కడ కంటికి కనిపించని ధూళి రేణువు ఒక్కటి ఉన్నా, బలమైన క్షేత్రంలో ఆ రేణువు నుంచి ఎలక్ట్రాన్లు బయటికి చిమ్ముతాయి. అవి ఎదుటి గోడను తాకి వేడి పుట్టిస్తాయి, ఎక్స్ కిరణాలు పుట్టిస్తాయి. గోడ వేడెక్కితే అతివాహకత పోతుంది. కోట్ల ఖర్చుతో చేసిన కేవిటీ ఒక్క నలుసు వల్ల పనికిరాకుండా పోతుంది.

అందుకని ఏం చేశారు? కడిగారు. వరుస చెబుతాను, వినండి.

రేకులను అచ్చుల మీద ఒత్తి, శూన్యంలో ఎలక్ట్రాన్ పుంజంతో అతికి కేవిటీ చేశాక, ముందు సబ్బునీళ్ళలో పెట్టి ధ్వని తరంగాలతో కదిలిస్తూ జిడ్డు వదిలిస్తారు. తర్వాత ఆమ్లాలతో లోపలి గోడను కొద్ది కొద్దిగా కరిగిస్తారు. అచ్చు మీద ఒత్తడంలో, అతుకులో దెబ్బతిన్న పొర అంతా పోవాలి గనక, వెంట్రుక మందమో అంతకంటే కొంచెం ఎక్కువో తీసేస్తారు. జపాన్‌లో ఈ పనిని విద్యుత్తు సాయంతో చేసే పద్ధతిని అభివృద్ధి చేశారు. అందులో ఆ దేశపు కె.ఇ.కె. ప్రయోగశాలతో కలిసి పనిచేసింది నొమురా ప్లేటింగ్ అనే, లోహాలకు పూతలు వేసే కంపెనీ. అంటే పూతల వర్క్‌షాపుల్లో తరతరాలుగా ఉన్న చేతి పనితనం భౌతికశాస్త్రంలోకి నడిచి వచ్చిందన్న మాట. ఆ తర్వాత కొలిమిలో 800 డిగ్రీల దాకా వేడిచేస్తారు. మళ్ళీ కడుగుతారు. అతి శుద్ధమైన నీటిని, మన చుట్టూ ఉన్న గాలి పీడనానికి వంద రెట్ల ఒత్తిడితో సన్నటి ధారలుగా గంటల తరబడి లోపల తిప్పుతారు. 1990ల మొదట్లో ఈ నీటి ధారలు వాడుకలోకి వచ్చాకే ఎలక్ట్రాన్లు చిమ్మే జబ్బు అదుపులోకి రావడం మొదలైంది. చివర్లో 120 డిగ్రీల దగ్గర 48 గంటలు ఉంచుతారు. దీన్ని వాళ్ళు బేకింగ్ అంటారు. కడిగే, కాల్చే ఈ క్రమం మొత్తానికి వాళ్ళు వాడుకలో పెట్టుకున్న పేరు రెసిపీ. కడగడం, కాల్చడం, రెసిపీ. మన వంటింటి మాటలు అక్కడ పరిశోధనా పత్రాల శీర్షికలకు ఎక్కాయి.

ఆ తర్వాత ఎనిమిది కేవిటీలను ఒక దండలా బిగించాలి. ఇది జరిగే గదిలో ఒక ఘనపు మీటరు గాలిలో అర మైక్రాన్ అంతటి లేదా అంతకు మించిన రేణువులు 352 కంటే ఎక్కువ ఉండకూడదు. మనం కూర్చునే మామూలు గదిలో ఆ లెక్క మూడున్నర కోట్లు కావచ్చు. ఆ గదిలో అన్నిటికన్నా పెద్ద ధూళి మూలం మనిషే. చర్మం రాలుతుంది, వెంట్రుక రాలుతుంది. కాబట్టి నిలువెల్లా ముసుగు, చేతులకు తొడుగులు, మూతికి గుడ్డ. పౌడరు, కాటుక, గాజులు నిషిద్ధం. నెమ్మదిగా కదలాలి. ఒక్కో బోల్టు మీదికీ శుద్ధమైన గాలి ఊది, రేణువులు లెక్కించే పరికరం సున్నా చూపించేదాకా ఊదుతూనే ఉండాలి. లోపలి గాలిని తోడేటప్పుడు కూడా నెమ్మదిగా తోడాలి, లేకపోతే అడుగున ఉన్న ధూళి లేచి గోడలకు అంటుకుంటుంది. నెలల తరబడి చేసిన పని చివరి అతుకు దగ్గర ఒక్క తొందరపాటు వల్ల పాడైపోవచ్చు.

నలుసు లేకుండా బియ్యం ఏరిన చేతులకు, పసిబిడ్డ పాలసీసాను కడిగి ఉడికించిన చేతులకు ఈ జాగ్రత్త కొత్తదేమీ కాదు. శ్రద్ధ, ఓపిక, క్రమం, ఎక్కడ మురికి దాగుతుందో తెలిసిన కన్ను. ప్రయోగశాల చేసిందల్లా ఈ గుణాలను కొలిచి, కాగితం మీద రాసి, శిక్షణగా మార్చి, దానికి విలువ కట్టడం.

విలువ పనిలో ఉందా, చేసేవారిలో ఉందా?

ఇక్కడ ఒక అపోహ రాకుండా చూసుకోవాలి. ప్రయోగశాలలో కడిగే పనికీ, బస్టాండులో కడిగే పనికీ తేడా లేదని నేను అనడం లేదు. కేవిటీ పనికి రసాయనశాస్త్రం తెలియాలి, యంత్రాలు తెలియాలి. నేను అడుగుతున్నది వేరు. శుభ్రత అనే పనిలోనే నైపుణ్యం లేదన్న వాదన ఈ ఉదాహరణ ముందు నిలుస్తుందా? నిలవదు. మరి ఒకచోట నైపుణ్యంగా లెక్కకొచ్చింది ఇంకోచోట ఎందుకు రాలేదు?

దీనికి సగం సమాధానం స్త్రీవాద పరిశోధకులు ఎప్పుడో చెప్పారు. డయాన్ ఎల్సన్, రూత్ పియర్సన్ 1981లో మూడో ప్రపంచ దేశాల ఎగుమతి కర్మాగారాల మీద రాసిన వ్యాసంలో, స్త్రీల చురుకైన వేళ్ళ గురించి యజమానులు చెప్పే మాటను విప్పి చూపించారు. ఆ చురుకుదనం పుట్టుకతో వచ్చింది కాదు. చిన్నప్పటి నుంచి ఇంట్లో తల్లులు, అమ్మమ్మలు కుట్టుపనిలో, వంటపనిలో ఇచ్చిన శిక్షణ అది. ఆ శిక్షణ ఇంట్లో జరిగింది గనక, సర్టిఫికెట్ లేదు గనక, దాన్ని ప్రకృతి ఇచ్చిన వరంగా చూపించి చౌకగా కొనేస్తారు. నైపుణ్యం ఉంది, ముద్ర లేదు.

మిగతా సగం మన దేశంలో కులం చెబుతుంది. శుభ్రం చేసే పనిని కొన్ని కులాల మీద, ఆ కులాల్లో మళ్ళీ స్త్రీల మీద వేసిన సమాజం మనది. పని ఎంత అవసరమైనదో, చేసేవారికి అంత అవమానం. పాకీ పనిని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో మరో చట్టం వచ్చాయి. 2014లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. అయినా మురుగు కాలువల్లో మనుషులు చనిపోతూనే ఉన్నారు. అక్కడ రక్షణ లేకపోవడానికి కారణం సాంకేతికత లేకపోవడమని నమ్మమంటారా?

ఆమ్లం సంగతే చూడండి. కేవిటీలను కడిగే ఆమ్లాల్లో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఒకటి. చాలా ప్రమాదకరం. చర్మంలోంచి లోపలికి దిగి శరీరంలోని కాల్షియంను పట్టేస్తుంది. ఒక్కోసారి నొప్పి వెంటనే తెలియదు. అందుకని దాన్ని మూసి ఉన్న అరల్లో, యంత్రాలతో, గాలి బయటికి లాగే ఏర్పాట్ల మధ్య వాడతారు. దగ్గరికి వెళ్ళేవారికి ఒళ్ళంతా కప్పే దుస్తులు, ముఖానికి కవచం. విరుగుడుగా కాల్షియం గ్లూకోనేట్ జెల్ చేతికందేంత దూరంలో ఉండాలి. శిక్షణ లేనివారిని ఆ గదిలోకి రానివ్వరు. ఇప్పుడు మన ఆసుపత్రుల్లో, హాస్టళ్ళలో మరుగుదొడ్లు కడిగే స్త్రీని గుర్తు తెచ్చుకోండి. ఆమె చేతిలోనూ యాసిడ్ సీసా ఉంది. చేతులకు తొడుగులు లేవు, కిటికీ తెరుచుకోదు, కొంగు అడ్డం పెట్టుకుని దగ్గుకుంటూ కడుగుతుంది. రెండూ ఆమ్లాలే. రెండు పనులూ శుభ్రం చేయడమే. ఒకచోట కేవిటీకి కూడా గీత పడకుండా చూస్తారు, ఇంకోచోట మనిషి చెయ్యి కాలినా పట్టించుకోరు.

రక్షణ పేరు చెప్పి స్త్రీలను పనిలోంచి తీసేసే మరో పద్ధతి కూడా ఉంది. అమెరికాలో కారు బ్యాటరీలు చేసే జాన్సన్ కంట్రోల్స్ అనే కంపెనీ, సీసం వల్ల గర్భస్థ శిశువుకు హాని అంటూ, పిల్లలు పుట్టే అవకాశం ఉన్న స్త్రీలందరినీ ఆ పనుల నుంచి మినహాయించింది. సీసం పురుషుల సంతానానికీ హాని చేస్తుందన్న సంగతి వదిలేసింది. కార్మిక సంఘం కోర్టుకు వెళ్ళింది. 1991లో అక్కడి సుప్రీంకోర్టు ఆ విధానం చట్టవిరుద్ధమని తీర్పు చెప్పింది. మన 1948 ఫ్యాక్టరీల చట్టం కూడా ప్రమాదకరమైన పనుల్లో స్త్రీలను, కౌమార వయసు వారిని, పిల్లలను ఒకే గాటన కట్టి నిషేధించే అధికారం రాష్ట్ర ప్రభుత్వాలకు ఇచ్చింది. స్త్రీలు రాత్రి ఏడు తర్వాత ఫ్యాక్టరీలో ఉండకూడదంది. హీలియం యంత్రాలు రాత్రింబవళ్ళు నడుస్తాయి. అలాంటి చోట రాత్రి పాళీకి అర్హత లేని మనిషికి ఉద్యోగం ఎవరిస్తారు? 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రతా కోడ్‌లో స్త్రీలు అన్ని రకాల పనులూ చేయవచ్చని, వారి సమ్మతితో రాత్రి కూడా చేయవచ్చని రాశారు. మనం అడగాల్సింది గదిని అందరికీ సురక్షితం చేయమని. లేకపోతే సమ్మతి అన్న మాట, ఉద్యోగం పోతుందన్న భయంతో పెట్టించుకునే సంతకంగా మిగులుతుంది.

ఎవరి పేరు రాస్తారు?

ప్రయోగశాలను స్వర్గంగా చూపించడం నా ఉద్దేశం కాదు. అక్కడా మెట్లున్నాయి. ఎక్స్.ఎఫ్.ఇ.ఎల్. క్రయోమాడ్యూళ్ళను ఫ్రాన్స్‌లో సాక్లే పరిశోధనా కేంద్రంలో బిగించారు. వారానికి ఒకటి చొప్పున మొదలై, తర్వాత నాలుగు పనిరోజులకు ఒకటి చొప్పున తయారయ్యాయి. బిగించినవారు ఒక ప్రైవేటు సంస్థకు చెందిన కార్మికులు, కాంట్రాక్టు పద్ధతిలో. ప్రణాళిక శాస్త్రవేత్తలది, చేతులు వీరివి. యంత్రం ప్రారంభమైనప్పుడు వార్తల్లో వచ్చే ఫొటోల్లో ఎవరుంటారో మీకు చెప్పనక్కర్లేదు.

కణ భౌతికశాస్త్రంలో ఇది పాత కథ. 1940లలో బ్రిస్టల్ విశ్వవిద్యాలయంలో సెసిల్ పావెల్ బృందం ఫొటో పలకల మీద కణాల జాడలు వెతికేది. సూక్ష్మదర్శిని ముందు గంటల తరబడి కూర్చుని ఆ జాడలు పట్టుకున్నది ఎక్కువగా స్త్రీలు. పయాన్ అనే కణం మొదటి జాడను చూసింది మారియెట్టా కుర్జ్ అనే ఉద్యోగిని. 1950లో నోబెల్ బహుమతి పావెల్‌కు వచ్చింది. అదే పద్ధతిలో అంతకు ముందే కలకత్తాలో డి.ఎం. బోస్‌తో కలిసి పనిచేసిన విభా చౌధురిని మన పాఠ్యపుస్తకాలు మర్చిపోయాయి. ఆమె 1991లో చనిపోయింది. 2019లో ఒక నక్షత్రానికి విభా అని పేరు పెట్టారు. నక్షత్రం బాగానే ఉంది, బతికుండగా ఇవ్వాల్సింది మాత్రం బాకీ ఉండిపోయింది.

అతివాహక కేవిటీల రంగంలో పేరు దక్కిన స్త్రీలూ ఉన్నారు. అమెరికాలోని ఫెర్మీ ప్రయోగశాలలో టెవట్రాన్ అనే యంత్ర నిర్మాణానికి నాయకత్వం వహించిన హెలెన్ ఎడ్వర్డ్స్ తర్వాతి కాలంలో ఈ కేవిటీల పని వైపు వచ్చి, హాంబర్గ్ బృందంతో కలిసి పనిచేసింది. అదే ప్రయోగశాలలో ఇటలీ నుంచి వచ్చిన అన్నా గ్రసెలీనో, కొలిమిలో కొద్దిగా నైట్రజన్ చేరిస్తే కేవిటీలో పోయే శక్తి సగానికి సగం తగ్గుతుందని 2013లో బృందంతో కలిసి ప్రకటించింది. ఒక రెసిపీలో చిటికెడు మార్పు. 2023లో మొదటి ఎక్స్ కిరణాలు ఇచ్చిన కాలిఫోర్నియాలోని ఎల్.సి.ఎల్.ఎస్.-2 యంత్రంలో 37 క్రయోమాడ్యూళ్ళు ఉన్నాయి. అందులో ఆ పద్ధతి వాడారు. గ్రీస్‌లో పుట్టిన లియా మెర్మింగా 2022 నుంచి 2025 జనవరి దాకా ఆ ప్రయోగశాలకు డైరెక్టరుగా పనిచేసింది. ఆ పదవిలోకి వచ్చిన మొదటి స్త్రీ ఆమె. వీళ్ళను చూసి సంతోషిద్దాం. కానీ పై మెట్టు మీద ముగ్గురు నలుగురు కనిపిస్తే కింది మెట్ల లెక్క అడగడం మానకూడదు.

మన ఊళ్ళో ఉన్న లంకె

ఇదంతా ఎక్కడో విదేశాల్లో సంగతి అనుకోవద్దు. ఫెర్మీ ప్రయోగశాలలో పి.ఐ.పి.-2 పేరుతో 215 మీటర్ల అతివాహక రేఖీయ యంత్రం నిర్మాణం 2019లో మొదలైంది. దానిలో మన అణుశక్తి విభాగం భాగస్వామి. 2018లో రెండు దేశాలూ ఒప్పందం చేసుకున్నాయి. ముంబయిలోని భాభా కేంద్రం, ఢిల్లీలోని అంతర్ విశ్వవిద్యాలయ త్వరక కేంద్రం కలిసి నియోబియం కేవిటీలు చేశాయి. కేవిటీలకు శక్తినిచ్చే యాంప్లిఫైయర్లలో కొన్నింటిని భాభా కేంద్రం రూపొందిస్తే హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్.లో తయారుచేశారు. 1971లో మొదలైన మన అణు ఇంధన సముదాయంలోనూ నియోబియం వంటి అరుదైన లోహాల పని జరిగింది. మీలో చాలామంది ఆ గోడల పక్క నుంచి బస్సులో వెళ్ళి ఉంటారు. ప్రజల డబ్బుతో నడిచే సంస్థలు గనక, వాటిలో ఏ శ్రేణిలో ఎంతమంది స్త్రీలున్నారు, ఊడ్చే తుడిచే పనిని ఏ షరతుల మీద కాంట్రాక్టుకిచ్చారు అని సమాచార హక్కు చట్టం కింద అడిగే హక్కు మనకుంది.

శుభ్ర గదులు కూడా మన చుట్టూ పెరిగాయి. కేవిటీల కోసం కాదు, మందుల కోసం. హైదరాబాదు చుట్టుపక్కల మందుల కంపెనీల్లో పనిచేసే కొందరు అమ్మాయిలతో నేను మాట్లాడాను. ముసుగు దుస్తులు తొడుక్కోవడానికీ విప్పడానికీ సమయం పడుతుంది గనక, మధ్యలో బయటికి పంపడానికి సూపర్‌వైజర్లు ఇష్టపడరు. అందుకని పొద్దున్నుంచీ నీళ్ళు తాగరు. నెలసరి రోజుల్లో ఆ ముసుగులో ఎనిమిది గంటలు. దుస్తులు మగవాళ్ళ కొలతలకు కుట్టినవి. మూత్రంలో మంట, నడుంనొప్పి గురించి చెప్పని అమ్మాయి ఒక్కతి కూడా లేదు. గదిలో రేణువుల లెక్క గంట గంటకూ రాస్తారు. ఈ అమ్మాయిలు ఎన్ని గంటలు మూత్రం ఆపుకున్నారన్న లెక్క ఏ రిజిస్టరులోనూ లేదు.

మనం చేయగల పని

చివరిగా, ఈ రంగం నుంచి మన కార్యాచరణకు పనికొచ్చే విషయం ఒకటి చెబుతాను.

ప్రయోగశాలలో ప్రతి కేవిటీతో పాటు ఒక కాగితాల కట్ట, ఈ మధ్య కంప్యూటరులో ఒక ఫైలు, ప్రయాణిస్తుంది. దాన్ని ట్రావెలర్ అంటారు. ఏ అడుగులో ఏం చేశారు, ఎవరు చేశారు, ఎంత సేపు, ఏ వేడిలో, ఏ ఇబ్బంది ఎదురైంది అన్నీ అందులో రాస్తారు. కేవిటీ బాగా పనిచేస్తే ఎందుకు పనిచేసిందో, చెడితే ఎక్కడ చెడిందో దాన్ని బట్టి తెలుస్తుంది. పనికి జ్ఞాపకం ఇచ్చే కాగితం అది. ఒక పని శాస్త్రంగా మారడంలో ఆ రాతకు పెద్ద భాగం ఉంది.

మన పారిశుధ్య కార్మికుల పనికి, ఆయమ్మల పనికి అలాంటి పత్రం ఎవరూ రాయలేదు. మనం రాద్దాం. మీరు పనిచేసే చోట అయిదుగురు స్త్రీలతో కూర్చుని ఒక పాళీ పనిని అడుగు అడుగుగా రాయించండి. ఆపరేషన్ గది కడిగే ఆయమ్మ ముందు ఏది తుడుస్తుంది, రక్తం మరకకు ఏం వాడుతుంది, ఒక గదిలో వాడిన గుడ్డను ఇంకో గదిలో ఎందుకు వాడదు, తను పొరపాటు చేస్తే రోగికి ఏమవుతుంది? ఆమెకు ఇవన్నీ తెలుసు. అడిగినవాళ్ళు లేరు.

ఆ పత్రం చట్టంలోనూ పనికొస్తుంది. 1976 సమాన వేతనాల చట్టం ఒకే రకమైన పనిని పోల్చడానికి నైపుణ్యం, శ్రమ, బాధ్యత అనే కొలతలు పెట్టింది. 2019లో పార్లమెంటు ఆమోదించిన వేతనాల కోడ్ వాటికి అనుభవాన్ని కూడా చేర్చింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1951లో చేసిన నూరవ ఒడంబడిక ఇంకా ముందుకు వెళ్ళి, సమాన విలువ గల పనికి సమాన వేతనం అంది. మన దేశం దాన్ని 1958లోనే ఆమోదించింది. కానీ మన చట్టాలు ఒకే రకమైన పని దగ్గరే ఆగాయి. మగవాళ్ళే లేని పనిలో ఎవరితో పోల్చుకోవాలి? సమాన విలువ అన్న మాట మన చట్టంలోకి రావాలన్నది మన డిమాండు కావాలి. విలువను నిరూపించమని అడిగిన రోజున మన చేతిలో రాసిన కాగితం ఉండాలి.

కాబట్టి మూడు పనులు. ఒకటి, ప్రతి జిల్లా నుంచి కనీసం ఒక శుభ్రపరిచే పని మీద ఇలాంటి పత్రం రాసి వచ్చే సమావేశానికి తీసుకురండి. రెండు, కనీస వేతనాల సలహా మండలి ముందు ఆ పనులను అకుశల శ్రేణి నుంచి మార్చమని అర్జీ పెట్టేటప్పుడు ఈ పత్రాలు జతచేద్దాం. మూడు, రక్షణ పరికరాలు, శిక్షణ, మరుగుదొడ్డి విరామం వేతనంతో పాటు అడగాలి, వేతనం తర్వాత కాదు.

ఒక లోహపు గుల్ల లోపలి గోడను శుభ్రంగా ఉంచడానికి ప్రపంచంలోని పెద్ద బుర్రలు యాభై ఏళ్ళకు పైగా కష్టపడ్డాయి, ఇంకా పడుతున్నాయి. శుభ్రం చేయడం తేలికైన పని అని వాళ్ళెవరూ అనరు. ఈసారి అధికారి ఎవరైనా ఆ మాట అంటే ఈ సంగతి చెప్పండి.

ప్రశ్నలుంటే అడగండి. చర్చిద్దాం.